బుకిట్ బటోక్: బజారు, బల్ల, సీసా

జురాంగ్ ఈస్ట్‌లో ఎర్ర లైను రైలెక్కితే తర్వాతి స్టేషనే బుకిట్ బటోక్. పట్టాలు వంతెన మీద ఉంటాయి కాబట్టి కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఇళ్ల వరుసలు, వాటి గోడల మీద పెద్ద పెద్ద అంకెల్లో బ్లాకు నంబర్లు, మధ్యమధ్య చెట్లు కమ్మేసిన గుట్టలు. సింగపూర్ చూడ్డానికి వచ్చే మనవాళ్లు మెరీనా బే, సెంటోసా తిరిగి, ముస్తఫాలో సామాన్లు కొనుక్కుని విమానం ఎక్కేస్తారు. ఇటువైపు రారు. టికెట్టు కొని చూడాల్సినదేమీ ఇక్కడ లేదు మరి. మా చెల్లెలు ఈ ఊళ్లో అద్దెకుంటోంది కాబట్టి నేను వచ్చాను, వచ్చినందుకు సంతోషిస్తున్నాను.

కొత్త ఊరు వెళ్తే నేను మూడు చోట్లు చూస్తాను. పొద్దున కూరగాయలు అమ్మే చోటు, మధ్యాహ్నం మామూలు జనం తినే చోటు, సాయంత్రం సీసా మూత తీసే చోటు. ఫ్రాన్సుకో అమెరికాకో వెళ్లొచ్చినవాళ్లు కూడా చివరికి ఈ మూడింటి గురించే చెబుతారు. ఫ్రాన్సులో రొట్టె రోజూ కొంటారని, అమెరికాలో వారానికోసారి కారు డిక్కీ నింపుకుంటారని, ఒకచోట వైను భోజనంలో భాగమని, ఇంకోచోట కాదని. విజయవాడ నుంచి వచ్చిన నాకు పోల్చుకోవడానికి ఉన్నవి మన ఊళ్లే. అందుకని బుకిట్ బటోక్‌ను పక్కన పెట్టుకుని మన ఊళ్లనే మళ్లీ చూశాను.

బజారు

ఇక్కడ కూరగాయలూ చేపలూ అమ్మే చోటును వెట్ మార్కెట్ అంటారు. నేల ఎప్పుడూ నీళ్లతో తడిసి ఉంటుంది. తెల్లవారకముందే మొదలై, ఎండ ముదిరేసరికి సర్దేస్తారు. నేను వెళ్లేసరికి చేపల బల్ల దగ్గర ముసలివాళ్ల గుంపు. వంజరం ముక్కలు, చందువలు ఐసు మీద పరిచి ఉన్నాయి. అమ్మే ఆయన పొలుసు గీకి, పొట్ట శుభ్రం చేసి, కొన్నామె ఏం వండబోతోందో అడిగి దానికి తగ్గట్టు ముక్కలు కొట్టాడు. పులుసు ముక్కకీ వేపుడు ముక్కకీ తేడా తెలిసిన మనిషి. మన ఊళ్లో చేపల మార్కెట్‌లోనూ కత్తిపీట ముందు కూర్చున్న ఆడవాళ్లు అడిగేది ఇదే.

ఆకుకూరల దగ్గర నాకు సగం తెలిసిన ముఖాలే. తోటకూర ఉంది. తూటికూర కట్టలు కట్టలుగా ఉంది. మన పల్లెల్లో చెరువు గట్టున దానంతటది అల్లుకుపోయే తూటికూర ఇక్కడ మిరపకాయల ముద్దతో వేయించుకునే ఇష్టమైన వంటకం. బెండకాయలు, బారెడు పొడవున్న చిక్కుళ్లు, పచ్చిమిర్చి, అల్లం అన్నీ ఉన్నాయి. గోంగూర లేదు.

"అన్నయ్యా, తూటికూరకైతే లిఫ్టు దిగితే చాలు, గోంగూరకి రైలెక్కాలి," అంది మా చెల్లెలు. గోంగూర, మునక్కాయ, సోనా మసూరి బియ్యం, గుంటూరు కారం కోసం ఆమె లిటిల్ ఇండియా వెళ్తుంది. అక్కడ సెరంగూన్ రోడ్డు మొదట్లో టెక్కా సెంటర్ ఉంది. కింద మాంసం, చేపలు, కూరగాయలు, పక్కనే వండిన తిండి అమ్మే దుకాణాలు. అమ్మేవాళ్లలో చాలామందితో తమిళంలో మాట్లాడొచ్చు. మే నెలలో అయితే మన మామిడిపళ్లు కూడా ఆ వీధుల్లోకి వస్తాయట.

వెట్ మార్కెట్‌లో నన్ను ఆకట్టుకున్న సంగతి ఇంకోటుంది. కూరగాయలు కొన్న తర్వాత అమ్మే ఆవిడ అడగకుండానే సంచిలో ఉల్లికాడలు నాలుగు పడేసింది. మన రైతుబజారులో కొసరుగా కరివేపాకు రెబ్బలు వేయడం గుర్తొచ్చింది. సూపర్ మార్కెట్ తక్కెడకు కొసరు తెలియదు. ఎదురుగా మనిషి ఉండి, రేపు కూడా మీరు రావాలని కోరుకుంటేనే కొసరు పడుతుంది.

అయితే ఆవిడ వెనకా, మన రైతుబజారు వెనకా ఉన్న నేల వేరు. మన రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే వచ్చి అమ్ముకోవాలన్నది ఆ ఆలోచన. ఉయ్యూరు, కంకిపాడు వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే ఆడవాళ్లకి తాము అమ్మే వంకాయ ఏ మడిలో కాసిందో తెలుసు. బుకిట్ బటోక్ ఆవిడకి ఆ అవకాశమే లేదు. సింగపూర్ తినే తిండిలో 90 శాతానికి పైగా బయటి దేశాల నుంచి వస్తుంది. ఆకుకూరలు మలేషియా నుంచి, వైను ఆస్ట్రేలియా, చిలీ, ఫ్రాన్సుల నుంచి, బియ్యం థాయ్‌లాండ్, వియత్నాం, ఇండియాల నుంచి. కోడిగుడ్డు చేతిలోకి తీసుకుంటే దాని పెంకు మీద ఏ ఫారం నుంచి వచ్చిందో తెలిపే కోడ్ ముద్ర ఉంటుంది. మనకి గుడ్డు ధర రోజూ పేపర్లో అచ్చవుతుంది. వాళ్లకి గుడ్డు చిరునామా గుడ్డు మీదే అచ్చవుతుంది. పొలం కనిపించని చోట కొనేవాడికి నమ్మకం కలిగించడానికి రాజ్యం ఎంత కష్టపడాలో ఆ చిన్న ముద్ర చెబుతుంది.

సూపర్ మార్కెట్ కూడా ఇక్కడ కేవలం వ్యాపారం కోసం పుట్టింది కాదు. ఊరూరా కనిపించే ఫెయిర్‌ప్రైస్ కార్మిక సంఘాల సహకార సంస్థ. 1973లో ధరలు మండిపోతున్న రోజుల్లో కార్మిక సంఘాల సమాఖ్య ఎన్‌టీయూసీ దాన్ని తొవ పయో అనే పేటలో ఒక దుకాణంగా మొదలుపెట్టింది. మన దగ్గరా సహకార సూపర్ బజార్లు వచ్చాయి. చాలావరకు వెలవెలబోయి మూతపడ్డాయి. వీళ్లది నిలబడి దేశంలోనే అతిపెద్ద కిరాణా అయింది. ఈమధ్య ప్రభుత్వం సింగపూర్ కుటుంబాలకి సరుకులు కొనుక్కోవడానికి సీడీసీ వోచర్లు ఇస్తోంది. 2024 జనవరిలో ఇంటికి 500 డాలర్ల విలువైనవి ఇచ్చారు. అందులో సగం సూపర్ మార్కెట్లలో, మిగతా సగం వీధి చివరి చిన్న దుకాణాల్లో, తిండి అమ్మేవాళ్ల దగ్గర మాత్రమే చెల్లేవి. పెద్ద దుకాణం చిన్న దుకాణాన్ని పూర్తిగా మింగకుండా గీసిన గీత అది.

గుట్ట మీద

బుకిట్ బటోక్‌లో ఒకప్పుడు గ్రానైటు క్వారీలు ఉండేవి. తవ్వి వదిలేసిన గుంటల్లో నీరు నిండి, వాటి చుట్టూ ఇప్పుడు పార్కులు వెలిశాయి. లిటిల్ గుయిలిన్ అని పిలిచే చెరువు, నిటారు రాతిగోడ అలా మిగిలినవే. నేచర్ పార్కు వైపు గుట్ట ఎక్కితే 120 మెట్లు వస్తాయి. 1942లో సింగపూర్‌ను పట్టుకున్న జపాన్ సైన్యం చనిపోయిన తమవాళ్ల కోసం ఇక్కడ స్మారకం కట్టించింది. కట్టింది బ్రిటిష్, ఆస్ట్రేలియా యుద్ధఖైదీలు. 1945లో జపాన్ ఓడిపోయాక స్మారకం పోయింది, మెట్లు మిగిలాయి. పైన ఇప్పుడో ప్రసార టవరు ఉంది. దగ్గర్లోనే అప్పర్ బుకిట్ తిమా రోడ్డు మీద పాత ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ. 1942 ఫిబ్రవరి 15న బ్రిటిష్ సైన్యం లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది అందులోనే.

తిండి గురించి రాస్తూ ఈ గుట్ట ఎందుకెక్కానంటే, సింగపూర్ తిండి భయానికి మూలం జపాన్ ఏలిన ఆ మూడున్నరేళ్లలో ఉంది. బర్మా, సయాం నుంచి వచ్చే బియ్యం అందక రేషను తగ్గిపోతూ వచ్చింది. జనం పెరట్లోనూ రోడ్ల పక్కనా కర్రపెండలం, చిలగడదుంప వేసుకుని తిన్నారు. ఆ కాలం చూసిన కొందరు ముసలివాళ్లు తర్వాత జీవితమంతా కర్రపెండలం ముట్టలేదని చెబుతారు. అప్పటి మలయా రబ్బరు తోటల్లో మన ఉత్తరాంధ్ర వాళ్లు కూడా ఉన్నారు. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి కూలికి వెళ్లినవాళ్లు. ఆకలి వాళ్లనీ వదల్లేదు.

ఆ భయం ఇప్పటికీ విధానంగా బతికే ఉంది. ఇక్కడ బియ్యం దిగుమతి చేసుకునే వ్యాపారి తన నెలవారీ దిగుమతికి రెండింతల బియ్యం ప్రభుత్వం చెప్పిన గోదాముల్లో ఎప్పుడూ నిల్వ ఉంచాలి. 2022 జూన్ 1న మలేషియా కోళ్ల ఎగుమతి ఆపేసింది. సింగపూర్ తినే కోడిలో మూడో వంతు అటు నుంచే వచ్చేది. చికెన్ రైస్ అమ్మేవాళ్లు కొందరు తాజా కోడి లేక దుకాణాలు మూసుకున్నారు. 2023 జులై 20న ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. అమెరికాలో మన తెలుగువాళ్లు సోనా మసూరి బస్తాల కోసం ఇండియన్ దుకాణాల ముందు బారులు తీరడం అప్పుడు అందరం టీవీల్లో చూశాం. సింగపూర్ ప్రభుత్వం మాత్రం ఢిల్లీతో మాట్లాడి ఆగస్టు చివరికల్లా 50,000 టన్నులకి అనుమతి తెచ్చుకుంది. బియ్యం పండించే నేల మీద పుట్టిన మనకి బియ్యం కోసం దౌత్యం చేయాల్సిన పరిస్థితి ఊహకి అందదు. ఆ గుట్ట మెట్ల మీద కూర్చుంటే కొంచెం అందుతుంది.

బల్ల

హెచ్‌డీబీ బ్లాకుల కింద, గాలి ఆడేలా నాలుగు వైపులా తెరిచి ఉన్న హాలు. గుండ్రటి బల్లలు, ప్లాస్టిక్ స్టూళ్లు, పైన తిరిగే పెద్ద ఫ్యాన్లు. గోడ వెంట ఒక్కొక్కరిదీ ఒక్కో చిన్న గది, ఒక్కో వంట. దీన్ని కాఫీషాపు అంటారు, కోపిటియామ్ అని కూడా. కాఫీ, చల్లటి పానీయాలు అమ్మే దుకాణం మామూలుగా హాలు నడిపేవాళ్లదే. మిగతా గదులు అద్దెకిస్తారు. ఒకరు చేపముక్కల సూపు, ఒకరు చికెన్ రైస్, మలయ్ అన్నం ఒకచోట, మన దక్షిణాది ముస్లింల పరోటా ఒకచోట. ఇక్కడ పరోటాను ప్రాటా అంటారు. పిండి ముద్దని బల్ల మీద విసిరి, గాలిలో దుప్పటిలా పరిచి, మడిచి పెనం మీద వేస్తాడు. పక్కన పప్పుచారులాంటి పులుసు. పెనం దగ్గరున్నతన్ని "అన్నా" అని పిలిస్తే పలికాడు.

ఇక్కడి కాఫీ గింజల్ని చక్కెర, మార్జరిన్ వేసి నల్లగా వేయిస్తారు. గుడ్డ సంచిలో వడగట్టి, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి ఇస్తారు. మన ఫిల్టరు కాఫీ నురగ దీనికుండదు. కొంచెం మాడు వాసన, చాలా తీపి. రెండో పూటకి నాలుక ఒప్పుకుంది, మూడో పూటకి అడగసాగింది.

నాకు బాగా నచ్చింది ఎకనమీ రైస్ దుకాణం. అద్దాల వెనక ఇరవై దాకా ట్రేలు. క్యాబేజీ వేపుడు, టోఫు, వంకాయ, గుడ్డట్టు, చేప, కోడి. అన్నం పళ్లెం పట్టుకుని ఆమె నిలబడుతుంది, మనం వేలితో చూపిస్తాం, ఆమె గరిటెతో వేస్తుంది. పళ్లెం ఒక్కసారి చూసి ధర చెప్పేస్తుంది. ఒక మాంసం, రెండు కూరలతో నాలుగైదు డాలర్లు. ముందు ఆఫీసు బ్యాడ్జీ వేసుకున్న కుర్రాడు, వెనక టోపీ పెట్టుకున్న కట్టడం కూలీ, వాళ్ల మధ్య నేను.

మన ఊళ్లలో దీనికి దగ్గరి చుట్టం కర్రీ పాయింట్. విజయవాడలో, హైదరాబాద్‌లో సందుసందుకీ ఉంది. ఉద్యోగాలకి వెళ్లే జంటలు, హాస్టలు పిల్లలు, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో అన్నం వండుకుని పప్పు, వేపుడు, సాంబారు పొట్లాల్లో తెచ్చుకుంటారు. బుకిట్ బటోక్‌లో ఆ అన్నం కూడా కిందే తింటారు. చాలామంది వారంలో ఎక్కువ పూటలు పొయ్యి వెలిగించరు. మనం అన్నం కుక్కర్‌ను మాత్రం ఇంట్లో ఉంచుకున్నాం. ఇంటి అన్నం మీద మనకున్న మమకారం అక్కడ నిలబడింది, దాన్ని నేను గౌరవిస్తాను.

ఈ బల్లలు ఇలా శుభ్రంగా, చౌకగా వాటంతటవే వెలవలేదు. 1960ల్లో సింగపూర్ వీధులు మన వీధుల్లాగే ఉండేవి. తోపుడు బండ్లు, కావిళ్లు, కాల్వల పక్కన కడిగే గిన్నెలు. 1968–69లో ప్రభుత్వం వీధుల్లో అమ్ముకునేవాళ్లని లెక్కపెట్టి, దాదాపు 24,000 మందికి లైసెన్సులిచ్చింది. 1971 నుంచి వాళ్ల కోసమే కుళాయి, మురుగుకాల్వ, కరెంటు, కప్పు ఉన్న హాకర్ సెంటర్లు కడుతూ వచ్చింది. 1986 నాటికి వీధుల్లోని వాళ్లందరినీ లోపలికి చేర్చింది. చౌక అద్దెలకి గదులిచ్చింది. ఇవాళ దేశంలో అలాంటివి 120 దాకా ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. 2016లో హోటళ్లకి నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడు వాళ్లు ఇద్దరు హాకర్లకి ఒక్కో నక్షత్రం ఇచ్చారు. బుకిట్ బటోక్‌లో నేను ఎక్కువగా తిన్నది బ్లాకుల కింది కాఫీషాపుల్లో అయినా, వాటికీ ఆ పద్ధతే ఒరవడి.

తిన్నాక పళ్లెం ఎవరిది వాళ్లే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి హాకర్ సెంటర్లలో, 2022 జనవరి నుంచి కాఫీషాపుల్లో దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. హలాల్ పళ్లేలకి వేరే అర, మిగతావాటికి వేరే అర. సూటు వేసుకున్నాయన, కర్ర పట్టుకున్న అవ్వ, స్కూలు పిల్ల అందరూ తమ ఎంగిలి పళ్లెం మోసుకెళ్తున్నారు. ఆ దృశ్యం నా మనసులో నాటుకుపోయింది. మన హోటళ్లలో ఎంగిలి కంచం తీసే పని ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. బడికి పోవాల్సిన కుర్రవాడు, కులం వల్లనో పేదరికం వల్లనో ఇంకో పని దొరకని మనిషి. వాళ్ల ముఖం మనం చూడం. ఇక్కడా బల్లలు తుడిచేవాళ్లలో డెబ్బై దాటినవాళ్లు కనిపిస్తారు. ఆ వయసులో ఆ పని చేయాల్సి రావడం నాకు నచ్చలేదు. అయినా ఎవరి ఎంగిలి వాళ్లు మోసే అలవాటు ఒక దేశానికి పట్టుబడటం చిన్న విషయం కాదు.

మనం వాళ్లకి నేర్పగలిగినవీ ఉన్నాయి. మన హోటల్లో కూర్చోగానే ముందు నీళ్ల గ్లాసు వస్తుంది. ఇక్కడ చాలాచోట్ల నీళ్లు కూడా కొనుక్కోవాలి. మన మీల్స్‌లో ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యితో మొదలై పెరుగుతో ముగిసేలోపు "ఇంకొంచెం అన్నం వేయమంటారా" అని అడిగే మనిషి ఉంటాడు. ఎకనమీ రైస్‌లో ఆ ప్రశ్న లేదు. పళ్లెం ఎంతో ఆకలి అంతే. అన్నం మారు వడ్డించడం పెద్ద మర్యాద. ఆ మర్యాదను వ్యాపారంలోనూ నిలుపుకున్న మన భోజన హోటళ్లు నిజంగా గొప్పవి.

సీసా

సాయంత్రం ఆరు దాటాక అదే కాఫీషాపులో కొన్ని బల్లల మీద పెద్ద బీరు సీసాలు చేరతాయి. బీరు కంపెనీ టీషర్టు వేసుకున్న నడివయసు ఆవిడ సీసా తెచ్చి, గ్లాసులో ఐసు వేసి, పోసి వెళ్తుంది. రిటైరైన పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సీసాతో గంటలు గడుపుతారు. పక్క బల్ల మీద ఒకామె పిల్లాడికి నూడిల్స్ తినిపిస్తుంటుంది. ఎవరూ గొంతు పెంచరు. టైగర్ బీరు సింగపూర్‌లో 1932లోనే మొదలైంది, జనానికి ఇది కొత్త సరుకేం కాదు.

మన దగ్గర తాగే చోటు వేరు. తెలంగాణలో మద్యం దుకాణం పక్కనే పర్మిట్ రూమ్. ఆడవాళ్లు, పిల్లలు ఆ చుట్టుపక్కలకి పోరు. నిలబడి, తొందరగా, ఉన్న డబ్బంతా అయ్యేదాకా తాగి ఇంటికి వెళ్తారు. కుటుంబం కళ్లెదుట తాగేవాడు కొంచెం ఆగుతాడు. కుటుంబానికి దూరంగా తాగేవాడిని ఆపేదెవరు? ఫ్రాన్సులో భోజనంతోపాటు వైను గ్లాసు పెట్టే ఇళ్లలో ఉన్న క్రమశిక్షణ కూడా ఇదే అనుకుంటాను. ఈత కల్లు, తాటి కల్లు చెట్టు కిందే తాగే మన పాత పద్ధతిలో కొంత తీరిక, కొంత తోడు ఉండేవి. సారా కొట్లు, తర్వాత సీసాలు వచ్చి వాటిని తుడిచేశాయి. సింగపూర్‌లో కూడా ఇండియా నుంచి వచ్చిన కూలీల కోసం బ్రిటిష్ ప్రభుత్వమే కల్లు దుకాణాలు నడిపింది. ఇప్పుడవి లేవు.

ధర దగ్గరకొస్తే సింగపూర్ చాలా కఠినం. వైను మీద అందులో ఉన్న శుద్ధ ఆల్కహాలు లెక్కన లీటరుకు 88 డాలర్లు సుంకం. 750 మిల్లీలీటర్ల సీసాలో 13 శాతం ఆల్కహాలు ఉంటే సుంకమే 8 డాలర్ల 58 సెంట్లు. పైన 9 శాతం జీఎస్టీ. అంటే వైను సీసా మీద పడే పన్నుతోనే కింద ఇద్దరు కడుపునిండా తినొచ్చు. రాత్రి పదిన్నర నుంచి పొద్దున ఏడు దాకా దుకాణంలో మద్యం అమ్మకూడదు, బహిరంగ స్థలాల్లో తాగకూడదు. 2013 డిసెంబరు 8 రాత్రి లిటిల్ ఇండియాలో బస్సు కింద పడి ఒక భారతీయ కూలీ చనిపోయాడు. ఆ తర్వాత చెలరేగిన అల్లర్ల నేపథ్యంలో 2015 ఏప్రిల్‌లో ఈ చట్టం అమల్లోకి వచ్చింది. లిటిల్ ఇండియాలో నిబంధనలు ఇంకా ఎక్కువ. అల్లర్లకి మద్యం ఒక్కటే కారణమని నేననుకోను. ఇంటికి దూరంగా డార్మిటరీల్లో బతికే ఒంటరితనం సీసాకంటే బరువైంది. ఆ ఒంటరితనానికి మాత్రం చట్టంలో మందు లేదు.

మనకి ఈ విషయంలో వాళ్లకి లేని చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. రెండేళ్లు తిరగ్గానే, 1997లో ఖజానా గోల పెట్టడంతో నిషేధాన్ని ఎత్తేశారు. అప్పటినుంచి రెండు రాష్ట్రాల్లోనూ ఏ ప్రభుత్వం వచ్చినా మద్యం రాబడి మీద ఆధారపడటం పెరిగిందే తప్ప తగ్గలేదు. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకి లాటరీ వేస్తే 1,31,954 దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకి తిరిగిరాని 2 లక్షల రూపాయలు. దుకాణం ఒక్కటీ తెరవకముందే ప్రభుత్వానికి 2,639 కోట్లు.

ఈ లెక్క పక్కన బుకిట్ బటోక్ లెక్క ఒకటి పెట్టాలి. 2015లో ఇక్కడ స్ట్రీట్ 11లో ఒక కాఫీషాపు 3 కోట్ల 10 లక్షల సింగపూర్ డాలర్లకి అమ్ముడుపోయింది. నాలుగు డాలర్ల అన్నం, డాలరున్నర కాఫీ అమ్మే హాలుకి అంత ధర. జనం తినడానికి వచ్చే చోటు అంత విలువైనదైంది. ఇందులో ఆనందమొక్కటే లేదు. అంత పెట్టి కొన్నవాడు అద్దెలు పెంచుతాడు, అద్దె పెరిగితే పళ్లెం ధర పెరుగుతుంది. అందుకే ఇప్పుడు, ఇళ్లు కట్టించే ప్రభుత్వ సంస్థ హెచ్‌డీబీ తాను అద్దెకిచ్చే కాఫీషాపుల్లో కొన్ని చౌక భోజనాలు తప్పనిసరిగా ఉంచాలని షరతు పెడుతోంది. పాత హాకర్లు ముసలివాళ్లయ్యారు. వాళ్ల పిల్లలు తెల్లవారుజామున మూడింటికి లేచి పులుసు కాచడానికి ఇష్టపడటం లేదు. ఈ బల్లలు ఇంకో తరం నిలుస్తాయా అన్నది వాళ్ల దేశపు పెద్ద దిగులు.

అయినా ఆ దిగులు సరైన దాని గురించి. బుకిట్ బటోక్‌లో డబ్బున్నవాడు పోటీ పడింది అన్నం అమ్మే చోటు కోసం. మన దగ్గర లక్షా ముప్పై వేల దరఖాస్తులు పడింది మద్యం అమ్మే చోటు కోసం. సింగపూర్‌లో రాజ్యం చౌక తిండికి అర్ధ శతాబ్దం నుంచి చోటు కట్టిస్తూ, తాగుడు మీద బరువు వేస్తోంది. మన దగ్గర తాగుడుతో రాజ్యం నడుస్తోంది, ఇడ్లీ బండివాడు పోలీసు లాఠీ చప్పుడు వింటూ బతుకుతున్నాడు.

మనకి దారి లేక కాదు. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ఉంది. ఊళ్లో వాళ్లని లెక్కించాలని, గుర్తింపు పత్రాలివ్వాలని, పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాకా వాళ్లకి చోటు చూపించాలని, వాళ్ల ప్రతినిధులున్న కమిటీయే ఆ పని చేయాలని అది చెబుతుంది. సింగపూర్ 1968లో చేసింది ఈ లెక్కింపే. ఆంధ్రప్రదేశ్‌లో 5 రూపాయలకి భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు 2018లో తెరిచి, 2019లో మూసి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఆకలితో ఉన్నవాడి పళ్లెం ప్రభుత్వం మారినప్పుడల్లా ఎత్తేసేది కాకూడదు. కట్టిన హాలు కట్టినట్టే ఉండాలి.

మన పట్టణాల్లో ప్రతి వార్డుకీ ఒక కప్పు, పది కుళాయిలు, మూతున్న మురుగుకాల్వ, బల్లలు, చౌక అద్దె ఉన్న చోటొకటి కావాలి. అందులో పునుగులమ్మే అవ్వ, దోసె వేసే తమ్ముడు, జొన్నరొట్టె చేసే అక్క, బిర్యానీ వండే భాయ్ పక్కపక్కన నిలబడాలి. కూర్చోగానే నీళ్ల గ్లాసు పెట్టే మన మర్యాద అక్కడ ఉండాలి. తిన్న కంచం మనమే తీసి పెట్టే వాళ్ల అలవాటూ ఉండాలి. ఒక్క సంవత్సరం దరఖాస్తు రుసుముతో వచ్చిన 2,639 కోట్లతో తెలంగాణ ఎన్ని ఊళ్లలో ఇలాంటివి కట్టగలదో శాసనసభలో ఎవరైనా లేచి అడగాలి. మున్సిపల్ ఎన్నికల్లో ఓటు అడగడానికి మా వీధికి వచ్చే ప్రతి అభ్యర్థినీ ఇక నుంచి నేను అడగబోయేది అదే.